ఉద్దానం నుంచి ఉపాధికి విదేశం: పాస్‌పోర్టు మొదలు పరాయి నగరంలో కుదురుకునే దాకా

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల ఊళ్లలో విదేశంలో పనిచేస్తున్నవారు ఒక్కరూ లేని వీధి కనిపించడం కష్టం. వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా, స్కాఫోల్డర్లుగా గల్ఫ్ దేశాలకూ సింగపూర్‌కూ వెళ్లే మన పిల్లలకు పని నేర్పే శిక్షణ కేంద్రాలు ఉన్నాయి. అయితే వెళ్లిన చోట ఎలా బతకాలో, ఎవరిని నమ్మాలో, సెలవు రోజున తెలియని నగరంలో ఒంటరిగా ఎలా తిరిగి రావాలో కూర్చోబెట్టి చెప్పేవారు తక్కువ. ఆ మాటలన్నీ వరసగా చెప్పడమే ఈ మార్గదర్శి ఉద్దేశం. విజయనగరం జిల్లా నుంచి వెళ్లేవారికీ ఇవే వర్తిస్తాయి. దూరదేశంలో మనిషిని కాపాడేవి రెండని నా గట్టి నమ్మకం. ఒకటి చేతిలో ఉన్న సరైన కాగితం, రెండోది తానున్న ఊరి గురించిన ఎరుక. మొదటిదాన్ని విమానం ఎక్కకముందే సంపాదించుకోవాలి, రెండోదాన్ని దిగిన మొదటి నెలలో సంపాదించుకోవాలి.

మొదటి అడుగు: పాస్‌పోర్టు

మన రెండు జిల్లాలూ విశాఖపట్నం ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలోకి వస్తాయి. 36 పేజీల సాధారణ పాస్‌పోర్టుకు రుసుము 1,500 రూపాయలు, తత్కాల్ కావాలంటే మరో 2,000. దరఖాస్తు మీరే ఆన్‌లైన్‌లో నింపుకోవచ్చు కాబట్టి మధ్యవర్తికి వేలు పోయనవసరం లేదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూసుకోవలసింది పేరు. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, ఐటీఐ సర్టిఫికెట్‌లో అసలే లేకుండా ఉండటం మన దగ్గర చాలా మామూలు. విదేశంలో ఆ మూడూ ముగ్గురు వేర్వేరు మనుషులవిగా కనిపిస్తాయి. ముందు ఆధార్‌ను సరిచేయించుకుని, ఇంటిపేరునూ సొంత పేరునూ పూర్తి అక్షరాలతో రెండు గడుల్లో విడివిడిగా రాయించుకోండి. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారిని విజిట్ వీసా మీద యూఏఈలోకి అనుమతించకూడదన్న నిబంధన 2022 నవంబరు నుంచి అమల్లో ఉంది.

తర్వాత చూడవలసింది ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే వెళ్లే ముందు ప్రభుత్వ తనిఖీ అవసరం) గుర్తు. పదో తరగతి పాసైన ఆధారం చూపని వారి పాస్‌పోర్టు మీద ఈ గుర్తు పడుతుంది. అటువంటి పాస్‌పోర్టుతో సౌదీ అరేబియా, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా తదితర 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వం నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. పది పాసై ఉండి కూడా సర్టిఫికెట్ జత చేయకపోవడం వల్ల ఈసీఆర్ పడినవారు ఉంటారు, వారు దాన్ని తీయించుకోవచ్చు. పది పాసవ్వని వారు ఆ గుర్తును అవమానంగా భావించనవసరం లేదు. క్లియరెన్స్ మీద వెళ్లినవారి ఒప్పందం, యజమాని వివరాలు మన ప్రభుత్వం దగ్గర నమోదై ఉంటాయి కాబట్టి అది వారికి రక్షణే.

రెండో అడుగు: ఏజెంటును పరీక్షించడం

మన ప్రాంతంలో జరిగే మోసాల్లో ఎక్కువ ఇక్కడే మొదలవుతాయి కనుక ఈ అడుగులో తొందర పడకండి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం, విదేశాంగ శాఖ దగ్గర నమోదై లైసెన్సు పొందినవారికే విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే అధికారం ఉంది. అటువంటి ఏజెంట్ల జాబితా ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉంటుంది. వారి లైసెన్సు సంఖ్య అడగండి, ఆ సంఖ్యను పోర్టల్‌లో వెతకండి, లైసెన్సు గడువు దాటలేదని చూడండి, అక్కడ ఉన్న చిరునామాలోనే వారి కార్యాలయం ఉందో లేదో కనుక్కోండి. ఊళ్లోకి వచ్చి పేర్లు రాసుకునే వ్యక్తి తాను ఫలానా ముంబై సంస్థ తరఫు మనిషినని చెబితే, ఆ సంస్థకు మీరే నేరుగా ఫోన్ చేసి అడగాలి. అతను మన బంధువే కావచ్చు, పక్క ఊరివాడే కావచ్చు, అయినా అడగాలి. మొహమాటం కొద్దీ అడగకపోవడం వల్లనే చాలా ఇళ్లు అప్పులపాలయ్యాయి.

లైసెన్సు ఉన్న ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ 18 శాతం, అంటే మొత్తం 35,400. దానికి రసీదు ఇవ్వాలి. లక్షా, లక్షన్నరా అడిగి, రసీదు అనేసరికి మాట మార్చేవారి దగ్గర నుంచి లేచి వచ్చేయండి. సింగపూర్‌లో ఉండే ఏజెన్సీలకైతే అక్కడి చట్టమే హద్దు పెట్టింది. ఒప్పందంలోని ఒక్కో సంవత్సరానికి ఒక నెల జీతం చొప్పున, ఎంత పెద్ద ఒప్పందమైనా రెండు నెలల జీతానికి మించి కార్మికుడి నుంచి వసూలు చేయకూడదు.

“ముందు విజిట్ వీసా మీద దిగు, అక్కడ పని వీసాగా మారుస్తాం” అనే మాటకు లొంగవద్దు. విజిట్ వీసా మీద పనిచేయడం అక్కడ నేరం. ప్రమాదం జరిగితే నష్టపరిహారం అడిగే హక్కు కూడా నిలవడం కష్టం. “ఆజాద్ వీసా” అని అమ్మేదీ అటువంటిదే. అది ఒక కఫీల్ (వీసాకు పూచీ ఉండే అక్కడి యజమాని) పేరు మీద తీసి, పని మాత్రం ఎక్కడైనా చేసుకోమనే వీసా. చట్టంలో దానికి చోటు లేదు. పట్టుబడితే బాధ్యత పూర్తిగా కార్మికుడిదే అవుతుంది.

ఈ మధ్య మరొక ఉచ్చు వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చునే డేటా ఎంట్రీ ఉద్యోగమనీ, మంచి జీతమనీ చెప్పి కాంబోడియా, మయన్మార్, లావోస్ దేశాలకు తీసుకుపోయి, అక్కడ గదుల్లో బంధించి, మన దేశంలోని వారినే ఫోన్లలో మోసగించే పని చేయిస్తున్నారు. ఇటువంటి ముఠా వ్యవహారాన్ని 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. ఇంటర్వ్యూ పేరుకు మాత్రమే జరిగినా, థాయిలాండ్ వరకు పర్యాటక వీసా అన్నా, కంపెనీ పేరు చెప్పకుండా దేశం పేరు మాత్రమే చెప్పినా, అది ఉద్యోగం కాదని తేల్చుకోండి.

ఇంటిపనికి గల్ఫ్ వెళ్లే అక్కచెల్లెళ్లకు ఒక మాట. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళకు కనీసం 30 ఏళ్లు నిండాలి. వారిని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నది నిబంధన. మన రాష్ట్రంలో ఆ బాధ్యత ఓంక్యాప్ సంస్థది. వయసు ఎక్కువ చేసి చూపించి పంపుతామనే వారి మాట వినవద్దు. అబద్ధపు వయసుతో వెళ్లిన మనిషికి కష్టం వస్తే సాయం అందించడం కూడా కష్టమవుతుంది.

మూడో అడుగు: అప్పు లెక్క

వెళ్లాలా వద్దా అన్నది జీతం చూసి కాక, వడ్డీ పోగా ఇంటికి చేరేది చూసి నిర్ణయించుకోవాలి. నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర తెస్తే నెలకు 4,500 రూపాయలు, ఏడాదికి 54,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. రెండేళ్ల ఒప్పందంలో వడ్డీ ఒక్కటే 1,08,000 అవుతుంది. జీతం నుంచి అక్కడి తిండి, ఫోన్, సబ్బు, మందుల ఖర్చు తీసేసి, మిగిలినదాని నుంచి ఈ వడ్డీ తీసేసి, మొదటి రెండు నెలలు జీతం ఆలస్యంగా వస్తుందని అనుకుని లెక్క వేయండి. ఆ లెక్కలో ఏడాదిలోగా అసలు తీరకపోతే ఆ వీసా మనకు తగినది కాదు. ఓవర్‌టైమ్‌ను ఈ లెక్కలో కలపవద్దు, అది ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అప్పు ఎక్కువగా ఉన్నవాడు చెడ్డ యజమానిని వదిలి రాలేడు. అందుకే ఈ లెక్కను నేను భద్రతకు సంబంధించిన విషయంగానే చూస్తాను.

నాలుగో అడుగు: ఒప్పందం చదవడం

ఒప్పందం చేతికి వచ్చాక ఇంగ్లీషు బాగా తెలిసిన ఉపాధ్యాయుడి దగ్గరో, ఊళ్లో చదువుకున్న పిల్లవాడి దగ్గరో కూర్చుని ప్రతి వాక్యానికీ తెలుగులో అర్థం చెప్పించుకోండి. పని పేరు, బేసిక్ జీతం, భత్యాలు, రోజుకు ఎన్ని గంటలు, ఓవర్‌టైమ్ ఎలా కడతారు, వసతి, తిండి లేదా తిండి డబ్బు, వైద్యం, సెలవు, రానుపోను టికెట్టు, ఒప్పంద కాలం, ఇవన్నీ అందులో ఉండాలి. వీసా మీద రాసిన పనీ ఒప్పందంలోని పనీ ఒకటే కావాలి. వెల్డరుగా ఒప్పందం చేసి, వీసా క్లీనరుగా తీస్తే, తర్వాత జీతం గొడవ వచ్చినప్పుడు మీ మాట నిలబడదు.

బేసిక్ తక్కువా భత్యాలు ఎక్కువా చూపించి మొత్తం పెద్దదిగా కనిపించేలా చేసే ఒప్పందాలు ఉంటాయి. పని మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని బేసిక్ మీదనే లెక్కిస్తారు. యూఏఈలో కనీసం ఏడాది పనిచేసినవారికి మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున, ఆపైన ఏడాదికి 30 రోజుల చొప్పున వస్తుంది. కాబట్టి బేసిక్ ఎంత అన్నది మొదటి రోజే బేరమాడవలసిన విషయం. ఖతార్‌లో 2021 మార్చి నుంచి కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లు. వసతి ఇవ్వకపోతే మరో 500, తిండి పెట్టకపోతే మరో 300 ఇవ్వాలి. ఖతార్ వెళ్లేవారు వేలిముద్రలు, వైద్య పరీక్ష, ఒప్పందం మీద సంతకం అన్నీ మన దేశంలోని ఖతార్ వీసా కేంద్రంలోనే పూర్తి చేస్తారు. మనకు దగ్గరి కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి. సింగపూర్ వెళ్లేవారి చేతికి ముందుగా ఐపీఏ (వర్క్ పర్మిట్‌కు ముందస్తు ఆమోదం) అనే ఉత్తరం వస్తుంది. అందులో జీతం, భత్యాలు, కోతలు స్పష్టంగా రాసి ఉంటాయి. అక్కడి చట్టం ప్రకారం అదే మీకు బలమైన ఆధారం.

ఈసీఆర్ ఉన్నవారు ఈ దశలోనే ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన తీసుకోవాలి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలూ పన్నూ కడితే, ప్రమాదంలో మరణించినా శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా పది లక్షల రూపాయల బీమా ఉంటుంది. పాలసీ కాగితం నకలు ఇంట్లో ఉండాలి. అది ఇంట్లోవారికి తెలియకపోతే ఆ బీమా ఉండీ లేనట్టే. ప్రయాణానికి ముందు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఒక రోజు శిక్షణకు కూడా తప్పక వెళ్లండి.

ఐదో అడుగు: ఒంటిని పరీక్షించుకోవడం

గల్ఫ్ సహకార మండలిలోని ఆరు దేశాలకు వెళ్లేవారికి ఆ దేశాలు గుర్తించిన వైద్య కేంద్రంలోనే పరీక్ష జరగాలి (ఖతార్‌కైతే పైన చెప్పిన వీసా కేంద్రంలోనే). ఛాతీ ఎక్స్‌రే, రక్త పరీక్షలు ఉంటాయి. లోపం కనబడితే డబ్బుతో సర్దుబాటు చేయిస్తామనే వారిని నమ్మవద్దు, అక్కడ దిగాక పరీక్ష మళ్లీ జరుగుతుంది, తేడా వస్తే తిప్పి పంపుతారు.

ఉద్దానం వారికి ఆ పరీక్ష ఒక్కటే చాలదు. మన ప్రాంతాన్ని ఏళ్లుగా పట్టి పీడిస్తున్న కిడ్నీ వ్యాధి ముదిరే దాకా ఏ బాధా తెలియనివ్వదు. వెళ్లే ముందు సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోండి. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మనకు అందుబాటులోనే ఉన్నాయి. ఫలితం హద్దు దాటి ఉంటే ఎండలో చేసే పనికి వెళ్లవద్దు. మండే వేడిలో గంటలకొద్దీ చెమటోడ్చడం, సరిపడా నీళ్లు తాగకపోవడం, ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు అదేపనిగా మింగడం, ఈ మూడూ కలిస్తే బాగున్న కిడ్నీకే ముప్పు, అప్పటికే దెబ్బతిన్న కిడ్నీ సంగతి చెప్పనవసరం లేదు. ఇంట్లో ఎవరికైనా ఆ వ్యాధి ఉన్నవారు సెలవుకు వచ్చినప్పుడల్లా ఈ పరీక్షలు చేయించుకోవడం నియమంగా పెట్టుకోవాలి.

ఆరో అడుగు: ఇంట్లో వదిలి వెళ్లవలసినవి

పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా, ఏజెంటు రసీదు, కంపెనీ చిరునామా, వీటి నకళ్లు ఒక కవరులో పెట్టి భార్యకో తల్లికో ఇచ్చి, ఏ కాగితం దేనికో నోటితో చెప్పి వెళ్లండి. అవే ఫోటోలు తీసి మీ ఈమెయిల్‌కు పంపుకోండి. ఫోన్ పోయినా అవి ఉంటాయి. బ్యాంకుకు వెళ్లి ఎన్ఆర్ఈ ఖాతా (విదేశీ సంపాదన వేసుకునేది) తెరవండి, మామూలు పొదుపు ఖాతాను ఎన్ఆర్ఓగా (ప్రవాసికి ఇక్కడి రాబడి కోసం ఉండే ఖాతాగా) మార్పించండి. ఖాతాలకు నామినీ పేరు రాయించండి. పొలం, ఇల్లు విషయంలో సంతకాలు అవసరమవుతాయనుకుంటే ఎవరికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలో ఇక్కడ ఉండగానే తేల్చుకోవడం మేలు.

ఏడో అడుగు: పెట్టె సర్దడం

అమ్మ కట్టి ఇచ్చే మూటల్లో ప్రమాదకరమైనవి రెండు ఉంటాయి. మొదటిది గసగసాలు. మన వంటింట్లో అది మసాలా దినుసు, యూఏఈ, సౌదీ, సింగపూర్‌లలో అది మాదకద్రవ్యాల చట్టం కింద నిషిద్ధ వస్తువు. గసగసాలు కలిపిన మసాలా పొడి కూడా వద్దు. రెండోది ఎండుకొబ్బరి. కవిటి కొబ్బరి ఎంత మంచిదైనా, నూనె ఎక్కువగా ఉండి మంట అంటుకునే గుణం వల్ల ఎండు కొబ్బరికాయను విమానంలో చెకిన్ సామానులో అనుమతించరు. పలాస జీడిపప్పు నిశ్చింతగా పట్టుకెళ్లవచ్చు. ఆవకాయ గట్టిగా మూసి పెద్ద పెట్టెలో పెట్టాలి, చేతి సంచిలో పెడితే తనిఖీలో తీసేస్తారు. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి.

ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు వైద్యుడి చీటీ, ఆ దేశపు అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. ఖైనీ, గుట్కా, ఈ-సిగరెట్టు సింగపూర్‌లో నిషిద్ధం. ఇంకొకరి పొట్లం, అది ఎంత ఆత్మీయులు ఇచ్చినదైనా, విప్పి చూడకుండా పెట్టెలో పెట్టవద్దు.

ఎనిమిదో అడుగు: విమానాశ్రయాలు

టికెట్టు మీద విమానాశ్రయం పేరు, టెర్మినల్ ముందు రోజే చూసుకోండి. పలాస, సోంపేట, ఇచ్ఛాపురం నుంచి రైలులో వచ్చేవారు విమానం వేళకు సరిపోయే రైలు కాకుండా దానికి ముందు రైలు పట్టుకోవాలి. ముంబై, ఢిల్లీలలో విమానం మారేటప్పుడు టెర్మినల్ కూడా మారవలసి రావచ్చు కాబట్టి మధ్యలో కనీసం నాలుగు గంటల వ్యవధి ఉండే టికెట్టు అడగండి. పెట్టెలు చివరి ఊరి దాకా వెళతాయా, మధ్యలో తీసుకోవాలా అన్నది మొదటి కౌంటరులోనే అడిగి తెలుసుకోవాలి.

ఇమ్మిగ్రేషన్ అధికారి ఎక్కడికి, ఏ పనికి, ఏ కంపెనీకి అని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఏజెంటు నేర్పిన అబద్ధం చెప్పవలసి వస్తోందంటే ఆ ప్రయాణంలోనే లోపం ఉందని అర్థం. దిగిన చోట గడియారం మార్చుకోండి. యూఏఈ మనకన్నా గంటన్నర వెనక, సౌదీ, కువైట్, ఖతార్ రెండున్నర గంటలు వెనక, సింగపూర్ రెండున్నర గంటలు ముందు.

తొమ్మిదో అడుగు: మొదటి నెల

మొదటి నెలలో కంపెనీ చేయించవలసినవి వైద్య పరీక్ష, వేలిముద్రలు, గుర్తింపు కార్డు. యూఏఈలో ఎమిరేట్స్ ఐడీ, సౌదీలో ఇకామా, మనవాళ్లు బతాకా అనే కువైట్ సివిల్ ఐడీ, సింగపూర్‌లో వర్క్ పర్మిట్. ఏది చేతికి రావడం ఆలస్యమైనా ప్రతి వారం అడుగుతూ ఉండాలి. ఆ కార్డు లేని మనిషి రోడ్డు మీద తనిఖీలో చిక్కితే కష్టం. సౌదీలో అబ్షర్, కువైట్‌లో సహెల్, ఖతార్‌లో మెట్రాష్ అనే ప్రభుత్వ యాప్‌లు ఉన్నాయి. కార్డు రాగానే వాటిలో నమోదు చేసుకుంటే మీ వీసా గడువు, మీ మీద నమోదైన ఫిర్యాదులు మీకే కనిపిస్తాయి. పాస్‌పోర్టును యజమాని తన దగ్గర పెట్టుకోవడం ఈ దేశాల్లో చట్టవిరుద్ధం. భద్రత కోసమని అడిగితే రాతపూర్వకంగా రసీదు ఇమ్మనండి. దిగాక వేరే ఒప్పందం మీద సంతకం పెట్టమంటే ఇక్కడి ఒప్పందం చూపించి, రెండూ పోల్చి, తేడా ఉంటే సంతకం పెట్టకుండా దౌత్య కార్యాలయాన్ని అడగండి.

గదిలో మన జిల్లావాళ్లే ఉంటే ధైర్యంగా ఉంటుంది, వంటా రుచిగా ఉంటుంది. కానీ తెలుగు మాత్రమే మాట్లాడుతూ రెండేళ్లు గడిపినవారు ఫోర్‌మన్ కాలేరని నేను గమనించాను. హిందీ పట్టుదలగా నేర్చుకోండి, గల్ఫ్ పనిచోట్లలో అందరికీ అదే వారధి. అరబ్బీలో ముందుగా అంకెలు నేర్చుకోవాలి. ఆ లిపిలో సున్నాను చుక్కగా, ఐదును మన సున్నాలా, ఆరును మనకు అలవాటైన 7లా రాస్తారు. ఇది తెలియకపోతే ధరలూ గది సంఖ్యలూ తారుమారవుతాయి.

గదిలో చేరిన రోజే బయటికి వెళ్లే దారులు ఎన్ని ఉన్నాయో, మెట్ల తలుపు తాళం వేసి ఉందో లేదో చూసుకోండి. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల భవనం అంటుకుని 40 మందికి పైగా భారతీయులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో మన శ్రీకాకుళం జిల్లావాడూ ఉన్నాడు. దారిలో సామాన్లు అడ్డంగా ఉన్నాయని చెప్పడానికి సంకోచించవద్దు.

పదో అడుగు: నగరంలో తిరగడం నేర్చుకోవడం

చాలామంది క్యాంపు (కంపెనీ ఇచ్చే కార్మికుల వసతి) నుంచి పనిచోటికి, పనిచోటి నుంచి క్యాంపుకు కంపెనీ బస్సులో తిరిగి, రెండేళ్ల తర్వాత ఆ నగరాన్ని చూడకుండానే వస్తారు. ఇది కేవలం ముచ్చటకు సంబంధించిన విషయం కాదు. దౌత్య కార్యాలయానికీ, ఆసుపత్రికీ, కార్మిక శాఖకూ సొంతంగా వెళ్లగలిగినవాడిని ఎవరూ సులువుగా బెదిరించలేరు. అందుకే మొదటి నాలుగు సెలవు దినాలను దారులు నేర్చుకోవడానికి కేటాయించండి. మొదటి వారం పాత స్నేహితుడితో, రెండో వారం అతను పక్కనుండగా మీరే దారి చూపుతూ, మూడో వారం ఒంటరిగా వెళ్లండి. ఫోన్‌లో ఆ నగరపు మ్యాపును ముందే దింపుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. క్యాంపు పేరు, భవనం సంఖ్య, దగ్గరి బస్టాపు అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఒక చీటీ మీద రాయించి జేబులో పెట్టుకోండి.

దుబాయిలో మెట్రోకూ బస్సుకూ నోల్ అనే ఒకే కార్డు పనిచేస్తుంది. మెట్రోలో రెడ్ లైను, గ్రీన్ లైను యూనియన్, బుర్జుమాన్ స్టేషన్లలో కలుస్తాయి. ఈ రెండు పేర్లు గుర్తుంటే దారి తప్పరు. గులాబి రంగు గుర్తు ఉన్న పెట్టె స్త్రీలకూ పిల్లలకూ కేటాయించినది, పొరపాటున ఎక్కినా జరిమానా పడుతుంది. లోపల నీళ్లు తాగడం, చూయింగ్ గమ్ నమలడం కూడా నిషిద్ధమే. దేరా వైపు నుంచి బర్ దుబాయి వైపుకు క్రీక్ (నగరం మధ్య సముద్రపు పాయ) దాటడానికి అబ్రా అనే చెక్క పడవ ఉంది, ఒక దిర్హం ఇస్తే చాలు. భావనపాడు తీరంలోనో కళింగపట్నం తీరంలోనో పడవలు చూస్తూ పెరిగినవారికి ఆ నగరంలో మొదట మనసు నిలిచే చోటు బహుశా అదే. గుడికి వెళ్లాలనుకునేవారికి 2022 అక్టోబరులో తెరిచిన జబల్ అలీ ఆలయం, అబూ ధాబీలో 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన స్వామినారాయణ ఆలయం ఉన్నాయి.

సింగపూర్‌లో ఆదివారం సాయంత్రం మనవాళ్లంతా లిటిల్ ఇండియాలో కనిపిస్తారు. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి, వీరమాకాళియమ్మన్ గుడి, టెక్కా సెంటరులో కూరగాయలు, మన వంట దినుసులు దొరుకుతాయి. రాత్రి పదిన్నర నుంచి ఉదయం ఏడు వరకు బహిరంగ ప్రదేశంలో మద్యం తాగడం నేరం. చెత్త పారవేయడం, ఉమ్మడం, గీతలు లేనిచోట రోడ్డు దాటడం వంటివాటికి నిజంగానే జరిమానాలు వేస్తారు.

ఫోటోల విషయంలో గల్ఫ్ దేశాలన్నిటా ఒకటే జాగ్రత్త. స్త్రీలను, ప్రభుత్వ భవనాలను, సైనిక స్థలాలను, ప్రమాదం జరిగిన చోటును ఫోటో తీయకూడదు. వాట్సాప్‌లో తిట్టిన తిట్టు కూడా యూఏఈలో సైబర్ నేరాల చట్టం కిందికి వస్తుంది. రంజాన్ నెలలో పగటిపూట బహిరంగంగా తినడం, తాగడం కువైట్‌లో శిక్షార్హం.

పదకొండో అడుగు: ఎండ

వేసవిలో మిట్టమధ్యాహ్నం ఆరుబయట పని చేయించకూడదని ఈ దేశాల్లో చట్టం ఉంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు 12.30 నుంచి 3 గంటల దాకా, సౌదీలో అవే తేదీల్లో 12 నుంచి 3 దాకా, ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి 3.30 దాకా, కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు చివరి వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా విరామం ఇవ్వాలి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి. మూత్రం ముదురు పసుపు రంగుకు మారితే నీళ్లు చాలడం లేదని గుర్తు. తల తిరగడం, చెమట ఆగిపోవడం, మాట తడబడటం కనిపిస్తే పని ఆపి నీడకు చేరాలి, పక్కవాడిలో కనిపిస్తే వెంటనే అంబులెన్సు పిలవాలి. యూఏఈలో అంబులెన్సుకు 998, సౌదీలో 997, ఖతార్‌లో 999, కువైట్‌లో 112, సింగపూర్‌లో 995.

పన్నెండో అడుగు: జీతం, డబ్బు పంపడం

జీతం బ్యాంకు ఖాతాకు లేదా జీతపు కార్డుకు రావాలి. చేతికి నగదు ఇచ్చి సంతకం పెట్టించుకునే పద్ధతికి అలవాటు పడవద్దు. చేసిన గంటలు ప్రతి రాత్రి ఒక చిన్న పుస్తకంలో తేదీతో రాసుకోండి, గొడవ వచ్చినప్పుడు ఆ పుస్తకానికి విలువ ఉంటుంది. డబ్బు బ్యాంకు ద్వారానో లైసెన్సు ఉన్న ఎక్స్ఛేంజి ద్వారానో పంపండి. హుండీలో (లైసెన్సు లేనివారు చేతిమీదుగా డబ్బు చేరవేసే పద్ధతిలో) రూపాయి ఎక్కువ ఇస్తారని ఆశపడితే, ఆ డబ్బు రాకపోయినా అడిగే హక్కు ఉండదు, రెండు దేశాల్లోనూ నేరం అవుతుంది. ఇంటికి పంపేది మొత్తం ఒకే ఖాతాలో ఖర్చుకు వేయకుండా, మొదటి ఏడాది అప్పుకు కొంత, ఎన్ఆర్ఈ ఖాతాలో పొదుపుకు కొంత విడదీసి పంపడం అలవాటు చేసుకుంటే సెలవుకు వచ్చినప్పుడు లెక్క కళ్ల ముందు ఉంటుంది.

పదమూడో అడుగు: ఆపద వస్తే

జీతం ఆగినా, కొట్టినా, పాస్‌పోర్టు ఇవ్వకపోయినా పని వదిలి పారిపోవద్దు. మనవాళ్లు కల్లివల్లి అనే ఆ స్థితిలోకి దిగితే యజమాని మీ మీదే ఫిర్యాదు పెడతాడు, బాధితుడిగా ఉన్నవాడు నేరస్థుడవుతాడు. ముందు ఆ దేశపు కార్మిక శాఖలో ఫిర్యాదు చేసి, దాని సంఖ్య తీసుకోండి. భారత దౌత్య కార్యాలయానికి వెళ్లండి. విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన మదద్ పోర్టల్‌లో మీ ఇంట్లోవారు ఇక్కడి నుంచే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. దుబాయిలో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. మన రాష్ట్రానికి చెందిన ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ తెలుగులోనే మాట్లాడి దారి చూపుతుంది, ప్రవాసాంధ్ర భరోసా అనే బీమా కూడా ఇస్తుంది. టికెట్టుకు డబ్బు లేనివారికీ, మృతదేహాన్ని స్వదేశానికి చేర్చడానికీ దౌత్య కార్యాలయాల దగ్గర భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంటుంది. అది దానం కాదు, అటువంటి అవసరానికే ఏర్పాటు చేసినది కాబట్టి అడగడానికి సిగ్గుపడనవసరం లేదు.

పద్నాలుగో అడుగు: తిరిగి వచ్చేటప్పుడు

కువైట్‌లో ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవారు దేశం దాటాలంటే 2025 జూలై 1 నుంచి యజమాని ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి. సౌదీలో సెలవుకు వచ్చేవారు ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా గడువును టికెట్టు తేదీతో సరిపోల్చుకోవాలి. పూర్తిగా వచ్చేసేవారు వీసా రద్దు కాగితం మీద సంతకం పెట్టే ముందే గ్రాట్యుటీ, మిగిలిన సెలవుల డబ్బు, ఆగిన ఓవర్‌టైమ్ లెక్క చూసుకోవాలి, ఎందుకంటే “నాకు రావలసినదంతా ముట్టింది” అన్న వాక్యం సాధారణంగా ఆ కాగితంలోనే ఉంటుంది. బ్యాంకు అప్పు, క్రెడిట్ కార్డు, ఫోన్ బిల్లు బాకీ పెట్టి వస్తే మళ్లీ ఆ దేశంలో దిగినప్పుడు విమానాశ్రయంలోనే ఆపవచ్చు. ఏడాదికి పైగా విదేశంలో ఉన్న పురుషుడు 20 గ్రాములు, స్త్రీ 40 గ్రాముల బంగారు ఆభరణాలను సుంకం లేకుండా తేవచ్చు. ఇంకొకరి నగలు వేసుకుని రావడానికి ఒప్పుకోవద్దు.

కంపెనీ ముద్రతో అనుభవ ధ్రువపత్రం అడిగి తీసుకోండి. అందులో మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, చేసిన పని పేరు, చేరిన తేదీ, విడిచిన తేదీ ఉండాలి. వచ్చాక ఆ కంపెనీకి ఫోన్ చేసి తెప్పించుకోవడం దాదాపు సాధ్యం కాదు కాబట్టి, టికెట్టు చేతికి రాకముందే ఆ కాగితం కోసం క్యాంపు బాస్ దగ్గర కాకుండా నేరుగా హెచ్‌ఆర్ కార్యాలయంలో అర్జీ పెట్టండి.